చెట్టు పనికి ఏ బండి?

సోమశిల దగ్గర కృష్ణ మీద వంతెన కోసం జనం ఎంతో కాలంగా ఎదురుచూస్తున్నారు. దానికి 2022 అక్టోబరులో కేంద్రం రూ.1,082 కోట్లు మంజూరు చేసింది. కల్వకుర్తి నుంచి కొల్లాపూర్ మీదుగా నంద్యాల వైపు సాగే 167కే జాతీయ రహదారిలో అది భాగం. ఆ రోడ్డు వెడల్పయ్యే చోట ముందుగా అడ్డొచ్చేవి పక్కనున్న చెట్లే. ఇటు కొల్లాపూర్ మామిడి తోటల్లో కాపు దిగాక కొమ్మలు కత్తిరిస్తారు. రెండు పనులకూ బండి కావాలి. చాలామంది కిరాయి చూసి బండి మాట్లాడుకుంటారు. ముందు చూడాల్సింది బరువు, ఆ తర్వాత నేల.

పచ్చి మొద్దులో చాలా భాగం నీరే. అందుకే ఘనపు మీటరు పచ్చి కట్టె ఇంచుమించు టన్ను తూగుతుంది. రెండడుగుల మందం, పదడుగుల పొడవున్న ఒక్క మొద్దే దాదాపు 900 కిలోలు. టాటా ఏస్ లాంటి చిన్న బండి పేలోడ్ (తన బరువు కాక మోయగల సరుకు) సుమారు ముప్పావు టన్ను. అంటే ఆ ఒక్క మొద్దుకే పట్టీలు కూర్చుంటాయి, బ్రేకు ఆలస్యంగా పడుతుంది. కొమ్మల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఆకులతో ఉన్న రొట్ట డీసీఎం వ్యాను నిండా ఎక్కించినా తూకం పెద్దగా ఉండదు, చోటు మాత్రం అయిపోతుంది. కాబట్టి మొద్దులు ఎక్కువుంటే బరువు మోసే బండి, రొట్ట ఎక్కువుంటే పొడవైన, ఎత్తు పలకల బండి తీసుకోవాలి. రెండూ ఉంటే రొట్టను అక్కడే నరికి తొక్కించడం మేలు, ట్రిప్పులు కలిసొస్తాయి. డ్రైవరు లైసెన్సు కూడా చూడాలి. సరుకుతో కలిపి మొత్తం 7,500 కిలోలు మించని రవాణా బండిని లైట్ మోటార్ లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. అంతకు మించిన బండికి ఆ లైసెన్సు చాలదు.

ఇక నేల. నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే, మనవాళ్లు తక్కువగా పట్టించుకునేదీ ఇదే. చెట్టుకు తిండి, నీళ్లు తెచ్చే సన్న వేర్లు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. వాన పడ్డాక లోడు బండి కొమ్మల కిందికి వస్తే చక్రాల బరువుకు మట్టి గట్టిపడుతుంది. మర్నాడు వెళ్లి చూడండి, చక్రాల చాళ్లలో నీళ్లు ఇంకకుండా నిలిచి ఉంటాయి. నీరు దిగని చోట గాలీ దిగదు. వేరు ఊపిరాడక చస్తుంది. చెట్టు మీద ఆ దెబ్బ రెండు మూడేళ్లకు కొమ్మలు ఎండినప్పుడు గానీ కనబడదు. అప్పటికి బండి సంగతి ఎవరికీ గుర్తుండదు. కాబట్టి కొమ్మల నీడ అంచు దాటి లోపలికి బండి రాకూడదు. మొద్దును తాడుతో బయటికి లాగి అక్కడ ఎక్కించాలి.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఇందుకు మంచి పాఠం. సుమారు 700 ఏళ్లదని చెప్పే ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మ విరిగిపడింది. 2018లో దానికి సెలైన్ సీసాలు వేలాడదీసి, చుక్క చుక్కగా మందు ఎక్కించారు. అంత ముదుసలి చెట్టుకు ఊడలు, వేర్లు ఎకరాల మేర అల్లుకుని ఉంటాయి. అక్కడికి బండి తెస్తే వైద్యమే గాయమవుతుంది.

ఎత్తు కొమ్మలకు బకెట్ లిఫ్టు లారీ, మొద్దులు ఎత్తడానికి హైడ్రా క్రేన్ వాడతారు. రెండింటికీ ఒకటే సూత్రం: చెయ్యి ఎంత చాస్తే బలం అంత తగ్గుతుంది. నల్లరేగడిలో లిఫ్టు లారీ కాళ్ల కింద మందపాటి పలకలు వేయకపోతే ఒక వైపు దిగబడుతుంది. కరెంటు తీగలుంటే లైన్‌మెన్ చేత ఎల్‌సీ (లైన్ ఆపామని ఇచ్చే అనుమతి) తీసుకున్నాకే బకెట్ లేపాలి. ఇనుప చెయ్యి తీగకు తగలకుండా దగ్గరికి వెళ్లినా కరెంటు దూకవచ్చు.

చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. ఆ కాగితం ఇంట్లో బీరువాలో ఉంటే చాలదు. కలప కదిలే రోజు అది బండిలో, డ్రైవరు దగ్గర ఉండాలి.