కొట్టినవాడే సంతకం పెడతానంటే?

ఇక కోలుకోడని తేలిన రోగికి వెంటిలేటరు తీసేయడానికి మన దేశంలో దారి ఉంది. 2011 నాటి అరుణా షాన్‌బాగ్ కేసుతో మొదలై, 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని స్థిరపరచింది. 2023 జనవరిలో పద్ధతిని కొంత సులువు చేసింది. గోపాలపూర్ నుంచి బరంపురం ఆసుపత్రులకు పరుగెత్తే మన కుటుంబాలకు ఇది తెలిసి ఉండాలి. కానీ ఆ మంచం మీద ఉన్నది ఇంట్లోవాళ్ళ దెబ్బలు తిన్న పసిబిడ్డ అయితే?

ముందుగా పద్ధతి చూద్దాం. వైద్యం చేస్తున్న డాక్టరు, మరో ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డు. వాళ్ళు లాభం లేదంటే, జిల్లా ముఖ్య వైద్యాధికారి పంపిన డాక్టరుతో రెండో బోర్డు కూర్చుంటుంది. దగ్గరివాళ్ళ సమ్మతి కావాలి. తీసేముందు మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. బోర్డు కాదంటే హైకోర్టుకు, అంటే మనం కటక్‌కు, వెళ్ళవచ్చు. బ్రెయిన్ డెడ్ అని ధ్రువీకరించడం మాత్రం వేరే సంగతి, అది 1994 అవయవ మార్పిడి చట్టం కిందికి వస్తుంది. రెండింటినీ కలిపేసి భయపడనక్కరలేదు.

చిక్కంతా ఆ "దగ్గరివాళ్ళ సమ్మతి" దగ్గరే. బిడ్డ బతికి ఉన్నంతవరకు కొట్టినవాడి మీద హత్యాయత్నం కేసు. ప్రాణం పోతే హత్య కేసు. అలాంటివాడు "యంత్రం తీయవద్దు" అన్నా అది బిడ్డ మీద ప్రేమో, తన మెడ కాపాడుకోవడమో ఎవరు చెప్పగలరు? "తీసేయండి" అన్నా అనుమానమే, సాక్షి పోతుంది కదా!

అమెరికాలోని మసాచుసెట్స్‌లో అచ్చంగా ఇదే జరిగింది. 2005 సెప్టెంబరులో పదకొండేళ్ళ పిల్ల తల గాయాలతో ఆసుపత్రిలో చేరింది. నెల తిరగకముందే, పిల్ల బాధ్యత తీసుకున్న ప్రభుత్వ శాఖ యంత్రం తీసేయడానికి కోర్టు అనుమతి తెచ్చుకుంది. నిందితుడైన సవతి తండ్రి వద్దని పైకోర్టుకెక్కాడు. నీకు తండ్రి హక్కు లేదని 2006 జనవరి 17న అక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. మర్నాడే ఆ శాఖ ఏమని ప్రకటించింది? పిల్ల సొంతంగా ఊపిరి తీసుకుంటోందని! పిల్ల బతికింది. 2008లో సవతి తండ్రికి శిక్ష పడింది. అతన్ని పక్కన పెట్టడం న్యాయమే. తప్పు తొందరలో ఉందని మా అభిప్రాయం.

మన దేశంలో 2012లో ఢిల్లీ ఎయిమ్స్‌కు వచ్చిన రెండేళ్ళ ఫలక్‌ను తీసుకొచ్చిన అమ్మాయి తానే తల్లినని చెప్పింది. కాదని తరువాత తేలింది. ఆ బిడ్డకు డాక్టర్లు రెండు నెలలు పోరాడారు, మార్చి 15న గుండె ఆగి పోయింది. తల్లినన్న మాటను నమ్మి అప్పుడే ఎవరైనా కాగితం ముందు పెట్టి ఉంటే?

నిందితుడే సంరక్షకుడైతే ఏం చేయాలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు విడిగా చెప్పలేదు. అయితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, తనను హింసించినవాడి దగ్గర ఉంటున్న బిడ్డ రక్షణ అవసరమైన బిడ్డ. ఆ విషయం జిల్లా బాలల సంక్షేమ కమిటీ చూడాలి. కాబట్టి అమ్మమ్మ గాని, మేనమామ గాని, పక్కింటివాళ్ళు గాని అనుమానం వస్తే 1098కి ఫోను చేయండి. గాయాలను పోలీసు కేసుగా నమోదు చేయమని డాక్టరును అడగండి. కమిటీకి తెలిసేవరకు ఏ సమ్మతి పత్రం మీదా ఇంట్లో ఎవరూ సంతకం పెట్టకండి.