60 గిగాహెర్ట్జ్‌ల శ్రుతి: మైక్రోవేవ్ చిప్పుల గుండెలో డోలకం

1895లో కోల్‌కతాలో జగదీశ్ చంద్ర బోస్ తీగలేవీ లేకుండానే 23 మీటర్ల దూరంలో, గోడల అవతల ఉన్న గంటను మోగించారు. తుపాకి మందును పేల్చారు. ఆయన తన ప్రయోగాల్లో వాడిన తరంగాల పౌనఃపున్యం 60 గిగాహెర్ట్జ్‌ల దాకా ఉండేది, అంటే సెకనుకు 6,000 కోట్ల కంపనాలు. వాటిని పుట్టించింది చిన్న లోహపు గోళాల మధ్య ఎగసిన నిప్పురవ్వ.

రవ్వ పుట్టించే తరంగం క్షణంలో సన్నగిల్లిపోతుంది. ఒకే పౌనఃపున్యానికి కట్టుబడి ఉండదు. దాన్ని మార్చాలంటే గోళాల పరిమాణమే మార్చాలి. నేటి రాడార్లకు, వైర్‌లెస్ పరికరాలకు ఎడతెగని తరంగం కావాలి. అది ఒకే శ్రుతిలో సాగాలి, కోరినప్పుడు ఆ శ్రుతి మారాలి. ఈ పని చేసేదే వోల్టేజి నియంత్రిత డోలకం. ఇంజనీర్లు దీన్ని వీసీవో అంటారు.

ఇందులో ఒక ఇండక్టర్, ఒక కెపాసిటర్ మధ్య విద్యుత్ శక్తి ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతుంది. ప్రతి ఊపులో కొంత శక్తి వేడిగా పోతుంది. ట్రాన్సిస్టర్లు ఆ లోటును పూడుస్తూ ఉయ్యాల ఆగకుండా చూస్తాయి. శ్రుతి మార్చేందుకు వరాక్టర్ అనే ప్రత్యేక కెపాసిటర్ ఉంటుంది. వోల్టేజి మారితే దాని కెపాసిటెన్స్ మారుతుంది. వీణకు బిరడ ఎలాంటిదో, వీసీవోకు వరాక్టర్ అలాంటిది.

అసలు చిక్కు పౌనఃపున్యం పెరిగినప్పుడు మొదలవుతుంది. 0.1 నానోహెన్రీ ఇండక్టర్‌తో 60 గిగాహెర్ట్జ్‌లు రావాలంటే మొత్తం కెపాసిటెన్స్ 70 ఫెమ్టోఫారడ్‌లే ఉండాలి. ఫెమ్టో అంటే లక్ష కోట్లలో ఒక వంతును మళ్లీ వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒకటి. ఉదాహరణకు ట్రాన్సిస్టర్లు, లోహపు దారులే 40 ఫెమ్టోఫారడ్‌లు తినేశాయనుకుందాం. వరాక్టర్ 20 నుంచి 40 వరకు, అంటే రెట్టింపు మారినా, మొత్తం 60 నుంచి 80కే మారుతుంది. పౌనఃపున్యం సుమారు 65 నుంచి 56 గిగాహెర్ట్జ్‌ల మధ్యే కదులుతుంది. తయారీలో వచ్చే తేడాలు, ఎండాకాలపు వేడి కలిస్తే ఈ కొద్దిపాటి వెసులుబాటూ కరిగిపోవచ్చు. ఒకసారి తయారైన చిప్పును విప్పి సరిచేయలేం.

పోనీ వరాక్టర్‌ను పెద్దది చేద్దామంటే మరో ఇబ్బంది. వదులైన బిరడ చెయ్యి తగిలితేనే జారిపోయినట్లు, వోల్టేజిలోని చిన్న అలజడికే శ్రుతి వణుకుతుంది. ఈ వణుకే ఫేజ్ నాయిస్. పైగా ఈ పౌనఃపున్యాల్లో వరాక్టర్‌లో నష్టాలూ ఎక్కువే.

ఈ వణుకు వల్ల జరిగే హాని చిన్నది కాదు. పొగమంచు కమ్మిన రహదారిపై ఒక లారీ, దాని పక్కనే ఒక సైకిల్ వెళ్తున్నాయనుకుందాం. కారులోని రాడార్‌కు లారీ నుంచి బలమైన ప్రతిధ్వని, సైకిల్ నుంచి బలహీనమైనది అందుతాయి. డోలకం వణికితే లారీ ప్రతిధ్వని చుట్టూ రొద పరుచుకుని సైకిల్‌ను కప్పేయవచ్చు.

అందుకే డిజైనర్లు పనిని రెండుగా పంచుతారు. స్విచ్‌లతో కలిపే, తీసే చిన్న కెపాసిటర్ల వరుస శ్రుతిని పెద్ద అడుగుల్లో మారుస్తుంది. మిగిలిన సన్నని సవరణ చిన్న వరాక్టర్ చేస్తుంది. స్విచ్‌లకూ నష్టాలుంటాయి కాబట్టి, ఎన్ని అడుగులు, ఎంత వరాక్టర్ అన్న లెక్కలోనే డిజైనర్ నేర్పు బయటపడుతుంది.

బోస్ నగరంలో ఈ విద్య కొనసాగుతూనే ఉంది. 1949లో శిశిర్ కుమార్ మిత్రా చొరవతో కలకత్తా విశ్వవిద్యాలయంలో రేడియో ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ సంస్థ ఏర్పడింది. సాల్ట్‌లేక్‌లోని సమీర్ కేంద్రం మిల్లీమీటర్ తరంగాలపై పరిశోధన చేస్తోంది. ఆనాడు రవ్వతో పుట్టిన 60 గిగాహెర్ట్జ్‌ల తరంగం ఇప్పుడు గోరు కంటే చిన్న సిలికాన్ ముక్కలో పుడుతోంది. దాన్ని పుట్టించడం కన్నా, చెప్పిన మాట వినేలా నిలపడమే నేటి సవాలు.