దుబాయ్ నాలుగు గంటల దూరమేనా?

"దుబాయ్ ఎంత దూరం రా, నాలుగు గంటల్ల దిగుతవ్" అని మా చిన్నాయిన కొడుకుకు ఏజెంటు చెప్పిండు. టికెట్ల చూస్తే పొద్దున 10 గంటలకు ఎక్కుడు, మధ్యాహ్నం 12:30కు దిగుడు. "రెండున్నర గంటలే గదనే అన్నా" అని వాడు నవ్విండు. ఇద్దరు చెప్పిందీ తప్పు కాదు. లెక్క సమజ్ కావాలె, అంతే.

శంషాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు. ఇది మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత కాదు. బంతి మీద రెండు చుక్కల నడుమ దారం గుంజి పట్టినట్టు, గుండ్రటి భూమి మీద కొలిచిన దగ్గరి దారి. పైకి పోయినంక విమానం గంటకు 800, 850 కిలోమీటర్ల వేగంతోని పోతది. ఆ లెక్కన మూడు గంటలే పట్టాలె. కానీ లేచేటప్పుడు, దిగేటప్పుడు అంత వేగముండదు. టికెట్ల టైము ఈడ గేటు కాడ కదిలినప్పటి నుంచి ఆడ గేటు కాడ ఆగేదాంక. అందుకే నాలుగు గంటలు.

మరి రెండున్నర ఎట్లయింది? దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర ఎనుక నడుస్తది. టికెట్ మీద ఎక్కే టైము మనది, దిగే టైము వాళ్లది. వచ్చేటప్పుడు ఉల్టా. రాత్రి 10కి ఎక్కితే తెల్లారుజామున 3కి దిగుతవ్. చూస్తే ఐదు గంటలు, నిజానికి మూడున్నరే. పై గాలులు, ముఖ్యంగా చలికాలంల, పడమర నుంచి తూర్పుకు వీస్తయ్. పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు.

ఇంకో మాట. "డైరెక్ట్" అంటే నడుమ ఆగదని కాదు. ఆగినా ఫ్లైట్ నంబరు మారకపోతే డైరెక్టే అంటరు. "నాన్‌స్టాపా?" అని అడుగుండ్రి. టైము పక్కన +1 ఉంటే దిగేది మర్నాడు.

జగిత్యాల దిక్కు మా ఊరి నుంచి శంషాబాద్‌కు ఐదు గంటలు. మూడు గంటల ముందుగాల చేరాలె. విమానం నాలుగు. ఆడ ఇమిగ్రేషన్ దాటి క్యాంపుకు చేరుడు ఇంకో రెండు మూడు. నాలుగు గంటల దూరం పద్నాలుగు గంటలైతది.

ఇది కూడా అసలు దూరం కాదు. పోయినేడు మా చిన్నాయిన చచ్చిపోయిండు. వాని పాస్‌పోర్టు కంపెనీ బీరువాల ఉండె. సెలవు కాయితం మీద సంతకం కావాలె. టికెట్ పైసలు దోస్తులు జమ చేసిండ్రు. వాడు ఇల్లు చేరేటాలకు మూడో దినం. కొరివి నేను వట్టిన.

పాస్‌పోర్టు కంపెనీ గుంజుకునుడు ఆ దేశ చట్టం ప్రకారమే తప్పు. ఆ సంగతి మాకు అప్పుడు ఎరుక లేదు.

అందుకే తమ్ముళ్లూ, పోయేముందు "ఎన్ని గంటలు" అని ఒక్కటే అడగకుండ్రి. పాస్‌పోర్టు ఎవలి కాడ ఉంటది? సెలవు ఎన్నాళ్లకు ఇస్తరు? ఆపతి వస్తే టికెట్ ఎవలు కొంటరు? ఒప్పంద కాయితంల ఇవి సూసుకోండ్రి. పోయే దూరం ఏజెంటు చెప్తడు. వచ్చే దూరం మనమే కొలుసుకోవాలె.