గుడారం పైన, నీళ్లు కింద

మిర్చి టిక్కీలను ఎత్తుగా పేర్చుకుని పల్నాడు నుంచి గుంటూరు యార్డుకు పోయే లారీ మలుపులో ఒరగడం మీరు చూసే ఉంటారు. పికప్ ట్రక్కును అడవి దారుల్లో తిరిగే ఇల్లుగా మార్చేవారికీ ఇదే చిక్కు. మాచర్ల వైపు రాళ్లబాటల్లో అడుగుభాగం తగలకూడదని బండిని పైకి లేపుతారు. దాంతో గరిమనాభి కూడా పైకి పోతుంది!

చక్రాల మధ్య దూరం 150 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తు 75 అనుకోండి. లెక్క ప్రకారం 45 డిగ్రీల వాలు దాకా బండి పక్కకు పడదు. ఎత్తు 100 అయితే సుమారు 37 డిగ్రీలకే పల్టీ. స్ప్రింగులు, టైర్లు ఒకవైపు అణుగుతాయి కాబట్టి, నిజానికి ఇంకా ముందే!

అందుకే టాపు మీద తేలికపాటి గుడారమే కట్టాలి. నూరు లీటర్ల నీళ్లంటే నూరు కిలోలు. ఆ ట్యాంకు చోటు క్యాబిన్ వెనకే, తొట్టి అడుగున.

అగ్గిపెట్టెను పలక మీద నిలువుగా పెట్టి, పలకను మెల్లగా వంచండి. తర్వాత పడుకోబెట్టి వంచండి. ఈసారి జారుతుందే గాని, బోర్లా పడదు.