బాత్రూమ్ గోడ ఉబ్బుతోందా? టైల్స్ మార్చినా చెమ్మ పోకపోవడానికి కారణమిదే!

పాత ఇంట్లో బాత్రూమ్ పక్క గోడ ఉబ్బిందా? పెయింట్ పొరలు పొరలుగా ఊడిపోతోందా? ఇలాంటప్పుడు చాలామంది చేసేది ఒకటే.. లప్పం పెట్టి మళ్లీ రంగేయించడం. కొన్ని నెలలకే కథ మళ్లీ మొదటికి! ఇంకొందరు ఏకంగా కొత్త టైల్స్ వేయిస్తారు. డబ్బులు పోతాయి కానీ చెమ్మ పోదు. ఎందుకంటే నీళ్లను ఆపేది టైల్ కాదు.. దాని కింద ఉండే వాటర్‌ప్రూఫింగ్ పొర. టైల్స్ మధ్య సందుల్లోంచి నీళ్లు కొద్దికొద్దిగా కిందికి దిగుతూనే ఉంటాయి.

ముందు లీకేజీ ఎక్కడో పట్టుకోండి

రాత్రి ట్యాప్‌లన్నీ కట్టేసి, ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో గుర్తు పెట్టండి. ఎవరూ వాడకుండానే తెల్లారేసరికి మట్టం తగ్గిందంటే.. పైపులోనో, ఫ్లష్ ట్యాంకులోనో లీకేజీ ఉండొచ్చు. పాత ఇళ్లలోని జీఐ పైపులు లోపలి నుంచే తుప్పు పడతాయి. మట్టం తగ్గలేదు, కానీ స్నానాలయ్యాక చెమ్మ పెరుగుతోందా? అయితే ఫ్లోర్, నీళ్లు పోయే జాలీ దగ్గర చూడాలి. వాన పడినప్పుడే తడుస్తుంటే బయటి గోడనో, పైకప్పునో అనుమానించాలి. మూడింటికీ రిపేర్ వేరు, ఖర్చూ వేరు.

ఎందుకంత సీరియస్?

స్లాబ్‌లోకి నీళ్లు దిగితే లోపలి ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, కాంక్రీట్‌ను పగలగొడుతుంది. పెచ్చులు ఊడేది అందుకే. అపార్ట్‌మెంట్ అయితే అవి పడేది కింద ఇంటివాళ్ల నెత్తిన! చువ్వలు బయటికి కనిపిస్తే సిమెంటు పూత పూయించి వదిలేయొద్దు. స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు చూపించాల్సిందే. తడి గోడలో స్విచ్‌బోర్డు కానీ గీజర్ పాయింట్ కానీ ఉంటే, ఆ లైన్ ఎంసీబీ ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

పని ఈ వరుసలో చేయించండి

* పాత టైల్స్, తడిసిన ప్లాస్టరింగ్ మొత్తం తీయించాలి. నేల కింద నింపిన ఇటుక ముక్కలు నీళ్లు పట్టి ఉంటే అవీ తీయాలి.
* కొత్త పైపులు వేశాక ప్రెషర్ టెస్ట్ చేయాలి. లీకేజీ లేదని తేలాకే గోడ మూయాలి.
* గోడ, నేల కలిసే మూలలు, జాలీ చుట్టూ సందులు ముందు పూడ్చాలి.
* వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండుసార్లు వేయాలి. నేల మొత్తం, గోడలకు కనీసం అడుగు ఎత్తు, షవర్ దగ్గర ఆరడుగుల వరకు ఉండాలి.
* కోటింగ్ పూర్తిగా ఆరాక జాలీ మూసేసి, నేలపై నీళ్లు నింపి 48 గంటలు వదిలేయాలి. కింద చెమ్మ కనిపించకపోతేనే టైల్స్ వేయాలి.
* టైల్స్ వాలు జాలీ వైపే ఉండాలి. మీటరుకు కనీసం సెంటీమీటరు వాలు ఉంటే నీళ్లు నిలవవు.

'ఈ నీళ్ల టెస్ట్ ఎందుకు సార్, టైల్స్ వేసేద్దాం' అని మేస్త్రీ తొందరపెట్టినా ఒప్పుకోవద్దు. టైల్స్ వేశాక లీకేజీ బయటపడితే మళ్లీ పగలగొట్టాల్సిందే. ఆ ఖర్చు మేస్త్రీది కాదు.. మీదే!