బంగారు కణాలు చేశారు సరే... కడిగారా?

నానో ప్రాజెక్టు రిపోర్టు తెరిస్తే ఎర్రటి ద్రావణం ఫొటో ఒకటి కచ్చితంగా ఉంటుంది. ‘ఆ తర్వాత శుద్ధి ఎలా చేశారు?’ అని అడిగితే మాత్రం చాలామంది తడబడతారు. కానీ ల్యాబ్ ఉద్యోగంలో రోజూ చేయాల్సింది ఆ రెండో పనే. అది నేర్చుకోవడానికి కావలసిన ముడిసరుకు నెల్లూరు తీరంలో కుప్పలుగా పడి ఉంది. అదే రొయ్యల పొట్టు.

పొట్టుకీ బంగారానికీ ఏంటి సంబంధం?

ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు వెళ్తే రోడ్డుకు రెండువైపులా రొయ్యల గుంటలే కదా! రొయ్యను ఒలిచాక మిగిలే తలలు, పొట్టులో కైటిన్ అనే పాలిమర్ ఉంటుంది. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నం, కాస్టిక్ సోడాతో ప్రొటీన్ తీసేసి, ఆపై గాఢ కాస్టిక్ సోడాలో వేడిచేస్తే అది కైటోసాన్‌గా మారుతుంది. బంగారు నానోకణాల తయారీలో కైటోసాన్ రెండు పనులు చేస్తుంది. బంగారు లవణాన్ని లోహంగా మారుస్తుంది, తయారైన కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా చుట్టూ పొరలా నిలబడుతుంది.

ఇక ఈ కణాల అవసరం కూడా ఇక్కడే ఉంది. రొయ్యల్లో వైట్ స్పాట్ వైరస్‌నీ, ఎగుమతి సరుకులో నిషేధిత క్లోరాంఫెనికాల్ అవశేషాలనూ నిమిషాల్లో పట్టే స్ట్రిప్‌లు ఉన్నాయి. వాటిపై కనిపించే ఎర్రగీత చాలావరకు బంగారు నానోకణాలదే. ఇంట్లో చేసుకునే ప్రెగ్నెన్సీ టెస్టులోనూ అంతే.

ఎర్రరంగు వెనుక లెక్క

బంగారాన్ని 10-20 నానోమీటర్ల సైజుకు తెస్తే పసుపు పోయి ఎరుపు వస్తుంది. 520 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతిని ఆ కణాలు బలంగా పీల్చుకోవడమే కారణం. మైకేల్ ఫారడే 1857లోనే ఇలాంటి ఎర్రటి ద్రావణాలపై పరిశోధన ప్రచురించారు. 1951లో టర్కెవిచ్ బృందం వివరించిన సిట్రేట్ పద్ధతి నేటికీ ల్యాబుల్లో మొదటి పాఠం.

కైటోసాన్ పద్ధతీ కష్టమేం కాదు. 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కైటోసాన్ కరిగించి, పలుచని క్లోరోఆరిక్ ఆమ్లం కలిపి, కలుపుతూ వేడిచేయాలి. లేత పసుపు ద్రావణం మెల్లగా దానిమ్మ గింజ రంగుకు తిరుగుతుంది. బంగారు లవణం ఖరీదైనది కాబట్టి 10 మిల్లీలీటర్లతో మొదలుపెట్టండి. గాజు సామాను మాత్రం మచ్చ లేకుండా ఉండాలి. ఆక్వారీజియాతో కడగాల్సివస్తే లెక్చరర్ పక్కనుండగా, ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి.

రంగు రాగానే పని అయిపోలేదు

ఆ బీకరులో బంగారంతోపాటు ఏ కణానికీ అంటని కైటోసాన్ కూడా తేలుతూనే ఉంటుంది. దాన్ని తీయకుండా బ్యాక్టీరియాపై ప్రయోగిస్తే ఏమవుతుంది? కైటోసాన్‌కు సొంతంగానే బ్యాక్టీరియాను అణిచే గుణం ఉంది. ఆ ఫలితాన్ని మీరు బంగారం ఖాతాలో రాసేస్తారు. రిపోర్టు అందంగానే ఉంటుంది, తేల్చిన విషయం మాత్రం తప్పు.

స్ట్రిప్‌ల తయారీలో సాధారణంగా సిట్రేట్ బంగారానికి యాంటీబాడీ తగిలిస్తారు. అక్కడా ఇదే చిక్కు. కణానికి అంటని యాంటీబాడీ మిగిలిపోతే అదే ముందు వెళ్లి వైరస్‌ను పట్టుకుంటుంది. దానికి రంగు లేదు కాబట్టి గీత వెలవెలబోతుంది. జబ్బు ఉన్న గుంటకు ‘లేదు’ అని జవాబొస్తే నష్టపోయేది రైతు.

ఎలా కడగాలి?

చాలామంది వెంటనే చెప్పే జవాబు డయాలిసిస్. 12-14 వేల డాల్టన్ల సంచిలో పోస్తే లవణాలు, ఎసిటిక్ ఆమ్లం బయటికి పోతాయి. కైటోసాన్ అణుభారం సాధారణంగా అంతకన్నా చాలా ఎక్కువ, లక్షల్లో కూడా ఉంటుంది. కాబట్టి అది సంచిలోనే ఉండిపోతుంది. ఏ సంచి వాడారో చెప్పడంతోపాటు అది దేన్ని వదిలింది, దేన్ని ఆపిందో చెప్పగలగాలి.

పాలిమర్‌ను వదిలించడానికి సెంట్రిఫ్యూజ్ కావాలి. బంగారం సాంద్రత నీటికి 19 రెట్లు కాబట్టి కణాలు అడుగుకు చేరతాయి, విడి పాలిమర్ పైనీటిలో ఉండిపోతుంది. ఇక్కడ ‘10,000 ఆర్‌పీఎం’ అని రాస్తే చాలదు. రోటర్ వ్యాసార్థం 8 సెంటీమీటర్లయితే అది సుమారు 8,900 జీ, 5 సెంటీమీటర్లయితే 5,600 జీ మాత్రమే. మరో ల్యాబ్‌లో మీ పని మళ్లీ చేయాలంటే ‘జీ’ విలువ, నిమిషాలు రెండూ కావాలి. 10-20 నానోమీటర్ల కణాలకు సాధారణంగా 10,000 జీ పైనే పడుతుంది.

అడుగున చేరిన కణాలను మళ్లీ పలుచని ఎసిటిక్ ఆమ్లంలోనే కలపండి. పీహెచ్ సుమారు 6.5 దాటితే కైటోసాన్ కరగదు, ముద్ద కట్టేస్తుంది. అలాగని పదే పదే కడిగినా ప్రమాదమే. కణాన్ని కాపాడే పొర కూడా ఊడిపోయి, రంగు ఊదాకు తిరుగుతుంది. అలా అతుక్కున్న కణాలను విడదీయడం చాలా కష్టం.

మరి ఎక్కడ ఆపాలి? ప్రతి కడుగు తర్వాత రెండు పరీక్షలు చేయండి. ఒకటి, యూవీ-విజిబుల్ స్పెక్ట్రమ్. శిఖరం కుడివైపు జరుగుతున్నా, వెడల్పవుతున్నా కణాలు అతుక్కుంటున్నట్టే. రెండోది, పైనీటికి నిన్‌హైడ్రిన్ పరీక్ష. ఊదారంగు వస్తే కైటోసాన్ ఇంకా ఉంది. చివరి పైనీటిని పారబోయకండి. మీ ప్రయోగంలో బంగారం లేని కంట్రోల్ అదే.

రెజ్యూమెలో ఏం రాయాలి?

‘బంగారు నానోకణాలు తయారుచేశాను’ అనే వాక్యం అందరి దగ్గరా ఉంటుంది. ఎన్నిసార్లు కడిగారు, ఎన్ని జీ వద్ద, శిఖరం ఎంత జరిగింది, కంట్రోల్ ఏం చూపింది... ఈ నాలుగూ రెండు లైన్లలో రాయండి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని సంస్థలకైనా, విశాఖ మెడ్‌టెక్ జోన్‌లోని కిట్ల కంపెనీలకైనా, రొయ్యల ఎగుమతి ల్యాబులకైనా క్వాలిటీ కంట్రోల్ పోస్టుకు వెళ్తే మాట్లాడటానికి సరుకుంటుంది. గేట్ రాసి ఎంటెక్‌కో, నెట్ రాసి పీహెచ్‌డీకో వెళ్లేవాళ్లకూ అంతే.

కాలేజీలో పరికరాలు లేవా? కేంద్ర ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశవ్యాప్తంగా ఏ పరికరం ఎక్కడుందో వెతికి, ఫీజు కట్టి వాడుకోవచ్చు. చెన్నై ఐఐటీలోని సైఫ్ కేంద్రం బయటివాళ్ల శాంపిళ్లనూ పరీక్షిస్తుంది. గైడ్ చేత లేఖ రాయించుకుని, కడగకముందుదీ కడిగాకదీ రెండు శాంపిళ్లూ పంపండి. ఒక్కటే పంపితే దొరికేది ఒక బొమ్మ. రెండూ పంపితే మీ శుద్ధి పనిచేసిందో లేదో తేలుతుంది.