పిల్లికిని మధుమేహము

మానవునితో సహవాసము చేయు జంతువులలో పిల్లి వంటి శుచి గలది మరియొకటి లేదనుట అతిశయోక్తి కాదు. కుక్కకు నేర్పవలెను, పిల్లికి నేర్పవలసిన పని లేదు. మెత్తని మన్ను గాని, ఇసుక గాని, పొయ్యిలో చల్లారిన బూడిద గాని కనబడినచో చాలును. గోతిని తీసి, పని ముగించి, దానిని కప్పి, వాసన చూచుకొని మరీ వెడలిపోవును. వజ్రకరూరు వంటి మా పల్లెలలో మట్టి మిద్దెలకు వెనుక దొడ్లున్న కాలమున పిల్లి ఎచ్చట మూత్రించునో ఇంటివారికి తెలియనే తెలియదు. సిమెంటు వాకిండ్లు, గచ్చు నేలలు వచ్చిన పిదప పిల్లిని సాకువారు ఇంటిలో ఒక మూల ఇసుక తొట్టి నుంచుట అవసరమైనది.

ఇట్టి జంతువు, ఏడెనిమిది సంవత్సరములు ఇసుకను విడిచి ఎరుగనిది, ఒకనాడు పరుపుపై మూత్రించెననుకొందము. మరునాడు తలుపు చాటున, మూడవనాడు నమాజు చేయు జానమాజ్‌పై. ఇంటిలోనివారు చెప్పు కారణములు సాధారణముగా మూడు. కొవ్వెక్కినదందురు, పగబట్టినదందురు, ముసలితనమున మతి తప్పినదందురు. శిక్షయు వెంటనే నిర్ణయమగును. గోనెసంచిలో వేసి ఉరవకొండ దారిలోనో, గుంతకల్లు దారిలోనో విడిచివత్తురు. ఇట్లు వెడలగొట్టబడిన పిల్లులలో కొన్ని నేరము చేసినవి కావు, రోగమున పడినవి. ఇసుక వెలుపలి ఆ తడి అనేక పర్యాయములు మధుమేహమునకు తొలి సూచన. ఇంటిలోని దాదీకో, అవ్వకో షుగరు ఉన్నదని వినినచో ఆశ్చర్యపడని మనము, పిల్లికి షుగరు అనగానే నవ్వుదుము. నవ్వదగిన విషయము కాదు.

మధుమేహమను పేరులోనే రోగలక్షణము దాగియున్నది. తేనె వంటి మూత్రము గనుక మధుమేహము. రోగి మూత్రమునకు చీమలు పట్టుటను మన ఆయుర్వేద సంహితలు ఏనాడో గుర్తించినవి. 980 నుండి 1037 వరకు జీవించిన ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’ అను గ్రంథమున ఈ రోగమును, మూత్రమందలి తీపిని పేర్కొనెను. ఉర్దూ విభాగపు మిత్రులకు ఆ గ్రంథనామము క్రొత్త కాదు. 1776లో మాథ్యూ డాబ్సన్ అను ఆంగ్ల వైద్యుడు రోగి మూత్రమును ఆవిరిచేసి, అడుగున మిగిలినది చక్కెరయేనని చూపెను.

అయితే మన విషయమునకు అన్నిటికంటె దగ్గరి ఉదంతము 1889లో స్ట్రాస్‌బర్గ్ నగరమున జరిగినది. నాడు ఆ నగరము జర్మనీ ఏలుబడిలో నుండెను. ఆస్కార్ మింకోవ్‌స్కీ, యోసెఫ్ ఫాన్ మేరింగ్ అను వైద్యులు జీర్ణక్రియలో క్లోమగ్రంథి పాత్రను తెలిసికొనగోరి, ఒక కుక్క నుండి ఆ గ్రంథిని తొలగించిరి. ఆ కుక్క ఇంటి పద్ధతులు నేర్చినది. అట్టిది ప్రయోగశాల నేలపై మాటిమాటికి మూత్రింప మొదలిడెను. దానిని సరిగా బయటికి త్రిప్పుట లేదని మింకోవ్‌స్కీ పరిచారకుని మందలించెను. త్రిప్పుచునే యున్నాననియు, లోనికి వచ్చిన వెంటనే మరల పోయుచున్నదనియు ఆతడు బదులు చెప్పెను. అధికముగా మూత్రము పోవుచున్నచో చక్కెరకై పరీక్షింపవలెనని తన గురువగు నౌనిన్ నేర్పిన పాఠము మింకోవ్‌స్కీకి అప్పుడు స్ఫురించెను. పరీక్షింపగా చక్కెర కనబడెను. క్లోమగ్రంథికిని మధుమేహమునకును గల సంబంధము ఆ విధముగా లోకమునకు తెలిసినది. ఆ బాటనే 1921లో టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను వేరుచేసిరి. 1922 జనవరిలో అది తొలిసారిగా మధుమేహ రోగియగు ఒక బాలునికి ఈయబడెను. నేలపై తడిని చూచి కుక్కను కొట్టి యూరకున్నచో ఈ కథ ఎంత ఆలస్యమయ్యెడిదో!

ఇక రోగము పనిచేయు విధము. ఆహారమునుండి పుట్టిన గ్లూకోజు రక్తములో ప్రవహించును. అది కణములలో ప్రవేశించుటకు క్లోమము స్రవించు ఇన్సులిన్ తాళపుచెవి వంటిది. ఇన్సులిన్ చాలనప్పుడు, లేక ఉన్నదియు పనిచేయనప్పుడు, చక్కెర రక్తములోనే పేరుకొనును. మూత్రపిండములు దానిని కొంతమేరకు వడగట్టి వెనుకకు తెచ్చుకొనును గాని, వాని శక్తికి ఒక హద్దు కలదు. మనుష్యులలో ఆ హద్దు డెసిలీటరు రక్తమునకు సుమారు 180 మిల్లీగ్రాములు. పిల్లులలో 250 నుండి 300 వరకు నుండును. హద్దు దాటినంతనే చక్కెర మూత్రములోనికి పొంగిపొరలును. చక్కెర ఒంటరిగా పోదు, తనతో నీటిని ఈడ్చుకొనిపోవును. నీరు పోయినందున దాహము, దాహమునకై నీరు, ఆ నీరు మరల మూత్రము. ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలెను. పిల్లి అధికముగా త్రాగుటచే అధికముగా మూత్రించుట లేదు. అధికముగా మూత్రించుటచే అధికముగా త్రాగుచున్నది. ఈ వరుసను తలక్రిందులుగా గ్రహించి, మూత్రము తగ్గునను ఆశతో నీటి గిన్నెను దాచువారు కలరు. బిందె నీటికి బోరు వద్ద నిలువవలసిన మా సీమలో ఆ ఆలోచన కలుగుట సహజమే. కాని అది ప్రాణాపాయము. మే నెల ఎండలో మధుమేహ పిల్లికి ఒక పూట నీరు లేకున్నచో దాని శరీరము ఎండిపోవును. పిల్లిని బంధించి, అన్నపానములీయక చంపిన స్త్రీ శిక్షకు గురియైనదను హదీసు మనలో అనేకులు వినినదే.

పిల్లులలో ఈ రోగము మనుష్యుల రెండవ రకపు మధుమేహమును చాలవరకు పోలియుండును. వయస్సు మీరినవి, బరువెక్కినవి, ఇల్లు కదలనివి, అందును బీజములు తీయించిన మగపిల్లులు ఎక్కువగా దీని బారిన పడును. పిల్లి పుట్టుకచే మాంసాహారి. దాని శరీరము పిండిపదార్థములను విరివిగా వాడుకొనుటకు ఏర్పడినది కాదు. దాని నాలుకకు తీపి యనునదే తెలియదు. తీపిని గ్రహించు జన్యువులలో ఒకటి పిల్లిజాతిలో చెడిపోయి యున్నదని 2005లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. అట్టి జీవికి మనము మూడు పూటలు పాలన్నము కలిపి పెట్టుదుము. ప్రేమ కొరకు పెట్టుదుము, నిజమే.

మూత్రము అధికమగుట సరియే, ఇసుక వెలుపల ఏల? కారణము ఒక్కటి కాదు. రోజునకు రెండు మూడు మారులు తడియు తొట్టి ఇప్పుడు పది మారులు తడియును. ఉదయము మార్చిన ఇసుక మధ్యాహ్నమునకే ముద్దయగును. శుచి గల జంతువు ఆ బురదలో కాలు మోపుటకు ఇష్టపడదు. అనగా దాని శుచియే దానిని అపరాధిగా చూపుచున్నది! రెండవది, ఆపుకొనలేకపోవుట; మిద్దెపైనున్న తొట్టిని చేరులోపల దారిలోనే అయిపోవును. మూడవది చాలమంది గుర్తింపనిది. రక్తములో చక్కెర చాలకాలము అధికముగా నున్నచో నరములు దెబ్బతిని, వెనుక కాళ్ళు బలహీనమై, పిల్లి వ్రేళ్ళపై గాక మడమలు నేలకానించి నడచును. అట్టిది ఎత్తైన తొట్టి అంచును దాటలేదు. నాలుగవది, తీపి మూత్రములో సూక్ష్మజీవులు సులభముగా పెరిగి మంట పుట్టించుట. ఇసుకలో నిలిచినప్పుడెల్ల నొప్పి కలిగినచో, ఆ నొప్పికి ఇసుకయే కారణమని పిల్లి భావించును. మెత్తని గుడ్డను వెదకుకొనును. పరుపు, జానమాజ్, ఉతుకవలసిన బట్టల కుప్ప దానికి మెత్తని చోట్లు, అంతే. నమాజు స్థలమని దానికేమి తెలియును?

అట్లని ఇసుక వెలుపల మూత్రించు ప్రతి పిల్లియు మధుమేహి కాదు. మూత్రపిండముల వ్యాధి, కీళ్ళ నొప్పులు, క్రొత్త పిల్లి వచ్చినందున కలుగు బెదురు కూడ కారణములే. తోక నిక్కించి గోడకు చిమ్ముట వేరు. అది హద్దులు గుర్తించు అలవాటు. మగపిల్లి మాటిమాటికి కూర్చుండి, ముక్కి, బొట్టు కూడ రానిచో అది అన్నిటికంటె ప్రమాదము. మూత్రనాళము మూసికొనిపోయినట్లు తలచి ఆ పూటనే వైద్యుని చేర్పవలెను. మరునాటి వరకు ఆగినచో బ్రతుకకపోవచ్చును.

మధుమేహమని అనుమానించుటకు ఇంటిలోనే ఒక కొలత కలదు. కొలిచిన నీటిని గిన్నెలో పోసి, మరునాడు మిగిలినదానిని కొలువుడు. ఇంటిలో ఇతర జంతువులున్నచో ఆ దినము పిల్లిని వేరుగా నుంచవలెను. బరువు కిలో ఒక్కింటికి దినమునకు నూరు మిల్లీలీటర్లకు మించి త్రాగుచున్నచో, అనగా నాలుగు కిలోల పిల్లి నాలుగు వందల మిల్లీలీటర్లు దాటినచో, అది ఎండ దాహము కాదు, రోగ దాహము. బాగుగా తినుచునే చిక్కిపోవుట మరియొక గుర్తు.

పిల్లి వైద్యశాలకు పోయినంతనే భయముచే దాని రక్తములో చక్కెర పైకెగయును. రోగము లేని పిల్లియు ఆ గడియలో మధుమేహి వలె కనబడును. కావున ఒక్క రక్తపరీక్షతో తీర్పు చెప్పరాదు. ఇంటి వద్ద తీసిన మూత్రములోను చక్కెర ఉన్నదా యని చూడవలెను. రెండు మూడు వారముల సగటును తెలుపు ఫ్రక్టోసమీన్ పరీక్ష వీలున్నచో మరింత నమ్మకము. మూత్రమును పట్టుట ఎట్లని అడుగవచ్చును. తొట్టిలోని ఇసుకను తీసివేసి, కడిగి ఎండబెట్టిన సన్నని గులకరాళ్ళు పోయుడు. రాళ్ళు మూత్రమును పీల్చవు. అడుగున నిలిచినదానిని వంపుకొని పరీక్షాపట్టీని ముంచవచ్చును. తొలకరి పడినంతనే వజ్రములకై పొలములలో రాళ్ళేరు మా ఊరివారికి గులకరాళ్ళను వెదకుట కష్టము కాబోదు.

చికిత్సలో ప్రధానమైనది ఇన్సులిన్, సాధారణముగా దినమునకు రెండు సూదులు. మోతాదును పశువైద్యుడే నిర్ణయింపవలెను. దాదీ మాత్రలను విరిచి పెట్టరాదు. మన అంగళ్ళలో ఇన్సులిన్ మిల్లీలీటరునకు 40 యూనిట్లది, 100 యూనిట్లది అని రెండు విధములు. సిరంజీలును రెండు విధములు. నూరు యూనిట్ల మందును నలుబది యూనిట్ల సిరంజీతో ఎక్కించినచో మోతాదు రెండున్నర రెట్లగును. ఒకటి రెండు యూనిట్లతో సరిపోవు చిన్న ప్రాణికి అది చావే కావచ్చును. మందు అధికమై పిల్లి తూలినను, వణికినను, మూర్ఛపోయినను, పంచదార పాకమునో తేనెనో చిగుళ్ళకు రుద్ది వెంటనే వైద్యునికి చూపవలెను. తిండి మాని వాంతులు చేసికొనుచున్నను ఆలస్యము తగదు. ఇన్సులిన్‌ను మంచుపెట్టెలో నుంచుట మంచిది, గడ్డకట్టు అరలో మాత్రము కాదు. కరెంటు పోయి గంటలు గడచు వేసవిలో, సీసాను తడి తగులకుండ డబ్బాలో పెట్టి, తడి ఇసుకలో నిలిపిన మట్టికుండలో దాచుట ఇంటిలోని రోగులకును, పిల్లికిని ఒకే విధముగా పనికివచ్చును.

2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్, 2023లో వెలాగ్లిఫ్లోజిన్ అను నోటి మందులు పిల్లులకొరకు అమెరికాలో అనుమతి పొందినవి. ఇవి చక్కెరను మూత్రము ద్వారానే వెలికి నెట్టును. రక్తములో చక్కెర తగ్గినను, మూత్రము కొంత అధికముగానే యుండవచ్చును. తొట్టి సమస్య దానంతట తీరునని తలపరాదు. పైగా ఇవి అన్ని పిల్లులకు తగవు.

ఆహారమున అన్నము తగ్గించి, ఉప్పుకారములు లేని ఉడికించిన కోడిమాంసము, చేప వంటివి ప్రధానము చేయవలెను. ఇన్సులిన్ తీసికొను పిల్లికి ఈ మార్పును వైద్యునికి తెలిపియే చేయవలెను. పిండి తగ్గినచో మందును తగ్గింపవలసి వచ్చును. తొలిదశలోనే చికిత్స మొదలైన పిల్లులలో కొన్నిటికి కొన్ని మాసములకు ఇన్సులిన్ అక్కరయే లేకపోవును. మనుష్యులకంటె పిల్లులకు గల భాగ్యమిది.

తొట్టి సంగతి. ఒక్కటి కాక రెండు మూడుంచవలెను; ఒకటి పిల్లి పండుకొను చోటికి దగ్గరగా నుండవలెను. అంచు ఎత్తు తక్కువ ఉండవలెను. రొట్టెలు కాల్చు పెద్ద పళ్ళెమైనను చాలును. ఇసుక మన వంకలలో ఉచితముగా దొరకునది. దినమునకు రెండుసార్లు మార్చుటకు లోభింపనక్కరలేదు. వాడిన ఇసుకను చిన్నపిల్లలు ఆడు చోట పారవేయరాదు.

చివరగా నేల. పిల్లి మూతి పెట్టిన నీరు అపవిత్రము కాదనుటకు అబూ ఖతాదా గారి ఉదంతము హదీసు గ్రంథములలో కలదు. కాని దాని మూత్రము అపవిత్రమని అధికసంఖ్యాకులగు ధర్మశాస్త్ర పండితుల మతము. నమాజు స్థలమును శుద్ధి చేయక తప్పదు. నీటితో కడిగినచో మన శుద్ధి పూర్తియగును గాని, పిల్లి ముక్కునకు ఆ చోటు ఇంకను మూత్రపు చోటుగానే తోచును. ఎంజైములు గల బట్టల సబ్బుపొడి నీటితో నానబెట్టి కడిగి, ఎండలో ఆరవేయవలెను. ఎండకు మనకు కొదువ లేదు గదా. ఫినాయిల్ వాడరాదు, దానిలోని పదార్థములను పిల్లి కాలేయము విరిచివేయలేదు, పాదములు నాకుకొన్నను విషమగును. బ్లీచింగు పొడి మూత్రముతో కలిసినచో ఘాటైన విషవాయువులు పుట్టును. నమాజు ముగిసిన వెంటనే జానమాజ్‌ను మడిచి ఎత్తైన చోట పెట్టి, అది పరచు మూలలో, పిల్లికి నయమగువరకు, నీటి గిన్నెను నిండుగా నుంచుడు. త్రాగు చోట మూత్రించుటకు పిల్లి సాధారణముగా ఇష్టపడదు.